ఎల్స్పా చెరిపేసిన మాటలు

హానుస్ గారి మొదటి ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది. ఒకే ఒక్క కాగితం, కంప్యూటర్లో టైపు చేసింది. అందులో ఏడు మాటల కింద ఎర్ర పెన్సిల్‌తో వంకరటింకర గీతలు గీసి ఉన్నాయి. తెర మీద కనిపించే ఎర్ర గీతలు కాగితం మీదకు రావు కదా, అందుకని ఆయనే కూర్చుని అచ్చం అలాగే గీసినట్టున్నారు. అడుగున రెండు వాక్యాలు: "ఈ ఏడూ తప్పులు కావు. సరిచెయ్యగలరు."

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మా దీవుల రాజధాని తోర్స్‌హవ్న్ రేవుకు ఎగువన, వలలు అమ్మే దుకాణం మేడ మీద మాకు రెండు గదులుండేవి. మా భాష మాట్లాడేవాళ్ళం మొత్తం కలిపినా యాభై వేల మందికి మించం. అంత చిన్న భాషకు స్పెల్‌చెక్ తయారుచేయడం పెద్ద కంపెనీలకు గిట్టదు కాబట్టి ఆ పని మా నెత్తిన వేసుకున్నాం. మేమంటే సీగర్ట్, నేను. సీగర్ట్ వ్యాకరణం చదివినవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను మాటలు ఏరి జాబితాలో ఎక్కించేదాన్ని.

ఐదేళ్ళ దినపత్రికలు, శాసనసభ చర్చలు, చర్చి పుస్తకాలు వడగట్టి మొదటి జాబితా చేశాం. దాంతో అది ఎలా తయారైందంటే, దానికి 'ఉపసంఘం' తెలుసు, 'మధ్యంతర నివేదిక' తెలుసు, గరిటె నాకే పిల్లను తల్లి ఏమని తిడుతుందో మాత్రం తెలియదు. 'అమ్మమ్మకు' అని రాస్తే ఊరుకునేది. 'అమ్మమ్మలకు' అని రాస్తే ఎర్ర గీత పెట్టేది. ఒక అమ్మమ్మ దాకా సరే, ఇద్దరైతే తప్పన్నమాట. ఆ వారమంతా దేశంలోని అమ్మమ్మలందరూ మాకు ఫోన్లు చేశారేమో అనిపించింది.

అలాంటి రంధ్రాలు పూడ్చడం తేలికే. హానుస్ గారి మాటలు వేరు. ఆ ఏడింటిలో ఒక్కటి కూడా నేనెప్పుడూ వినలేదు. సీగర్ట్ కూడా వినలేదన్నాడు. మాకొక నియమం ఉండేది. ఏ మాటైనా జాబితాలో చేరాలంటే అచ్చులో కనీసం రెండు చోట్ల, ఇద్దరు వేర్వేరు మనుషులు వాడి ఉండాలి. అంతకు ముందు అలాంటి పట్టింపులేమీ లేవు. తెడ్లు వేసేటప్పుడు నీళ్ళు చింది వీపు తడిస్తే దానికి మా దీవిలో ఫలానా మాట ఉందని ఒక బడి పంతులు రాస్తే, సీగర్ట్ ముచ్చటపడి చేర్చేశాడు. తీరా చూస్తే అది వాళ్ళ హెడ్మాస్టరుకు పంతుళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. ఆ హెడ్మాస్టరు మా మేడ మెట్లెక్కి వచ్చిన రోజు నుంచీ ఈ నియమం పుట్టింది.

కాబట్టి నేను హానుస్ గారికి మర్యాదగా నియమం సంగతి రాశాను. వారానికల్లా ఇంకో ఉత్తరం వచ్చింది, ఇంకో నాలుగు మాటలతో. ఏప్రిల్ దాకా ఐదు ఉత్తరాలు వచ్చాయి. నా జవాబులు చిన్నవవుతూ వచ్చాయి. ఐదోదానికి జవాబే రాయలేదు.

అప్పుడు ఆయన ఫోన్ చేశారు. కోపంగా ఉంటారనుకున్నాను. లేరు. అలసిపోయిన గొంతుతో, తాను పక్క దీవిలోని సాందుర్‌లో ఉంటాననీ, నలభై ఏళ్ళు పడవల్లో ఇంజను పని చేశాననీ చెప్పుకున్నారు. ఆ మాటలు తనవి కావనీ, తన భార్య ఎల్స్పావనీ అన్నారు.

"మీ జాబితాతో నాకు పేచీ లేదమ్మాయ్," అన్నారు. "ఆవిడ ఆ మాట టైపు చేస్తుంది. ఎర్ర గీత పడుతుంది. చెరిపేస్తుంది. అంతే."

తక్కినది అడిగి తెలుసుకున్నాను. కిందటి శరదృతువులో ఎల్స్పాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మాట నేర్పించే నర్సు, ఎడమ చేత్తో రోజుకు కొంచెం టైపు చేయించమని చెప్పింది. హానుస్ కంప్యూటర్ కొన్నారు. ఆవిడ ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నొక్కేది. నర్సు నేర్పిన రొట్టె, కిటికీ, మంగళవారం లాంటి మాటలు తిన్నగా వచ్చేవి, కానీ అవి రాయడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. తనంతట తాను రాసుకున్నవన్నీ పుట్టింటి ఊరు నీపువీక్ మాటలు. అవి పడగానే కింద ఎర్ర గీత వచ్చేది. ఆవిడ ఆ గీత వంక చూసి, తన బుర్రే చెడిపోయిందనుకుని, ఒక్కొక్క అక్షరాన్నే వెనక్కి చెరిపేసేది.

నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. దీనికింత కథెందుకు, ఆ మాట మీద మౌస్ కుడి మీట నొక్కితే 'నిఘంటువులో చేర్చు' అని వస్తుంది, చేరిస్తే మీ ఇంటి కంప్యూటర్లో ఆ గీత ఇంక రాదు అని చెప్పాను.

"నాకు తెలుసు," అన్నారు హానుస్. "ఒకసారి చేశాను. ఆవిడ పట్టేసింది. మూడు రోజులు కంప్యూటర్ మొహం చూళ్ళేదు."

"ఎందుకని?"

"జబ్బు పడ్డప్పట్నించీ నేను ఆవిడ ఏమన్నా అవునంటున్నాను కదా. నేను అవునంటే ఇప్పుడు లెక్కలోకి రాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో అనాలి."

ఆ శనివారం నేను వాళ్ళ దీవికి పోయే స్కోపున్ పడవ ఎక్కాను.

వాళ్ళ ఇల్లు సాందుర్ చర్చికి దిగువన ఉంది. బల్ల మీద కాఫీ, రూబార్బ్ జామ్ పెట్టిన కేకు, పల్చగా కోసిన ఎండు మాంసం సిద్ధంగా ఉన్నాయి. ఎల్స్పా కిటికీ పక్కన, కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పొడగరి, తెల్లటి జడ. మొహంలో ఒక వైపు కొంచెం జారింది, రెండో వైపు మాత్రం నన్ను ఆపాదమస్తకం తూకం వేసింది. హానుస్ నా గురించి చెబుతుంటే వినిపించుకోకుండా మీటల మీదకు వంగింది.

చాలాసేపు పట్టింది. తెర మీద ఒక మాట పడింది: గ్లోత్రా. కింద ఎర్ర గీత వచ్చింది. ఆవిడ నా వైపు చూసింది.

మౌస్ తీసుకుని, మా జాబితా దానికి బదులు ఏం సూచిస్తుందో చూద్దామని నొక్కాను. ఒకే ఒక్క మాట సూచించింది: 'మర్చిపోవడం'.

నాకు చెవులు కాలిపోయాయి. మా భాషలో ఆ రెండు మాటలకూ మొదటి అక్షరం ఒకటే. ఆ అక్షరంతో మొదలయ్యే పుటలన్నీ నేనే సరిచూశాను, ఇంకెవరి మీదకూ తోసే వీలు లేదు. ఎల్స్పా వేలు అప్పటికే చెరిపే మీట మీద ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఎల్స్పా గారూ, ఈ జాబితా చేసింది నేనే," అన్నాను. "ఈ గీత పడిందంటే మీకు తెలియదని కాదు. నేను వినలేదని."

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మళ్ళీ మీటల మీదకు వంగి రెండే మాటలు కొట్టింది. రెండింటి కిందా గీత లేదు.

అయితే విను.

సాయంత్రం పడవ దాకా విన్నాను. ఆవిడ మాట కొడుతుంది, హానుస్ అర్థం చెబుతారు. ఆయన చెప్పింది తప్పైతే ఆవిడ బల్ల మీద వేలితో తడుతుంది. నీపువీక్, దాని ఎదుట సోల్‌హెయ్, మధ్యలో సన్నటి సముద్రపు పాయ. తమ ఊరి మీద వాన కురుస్తూ, అదే సమయంలో ఎదుటి ఒడ్డు మీద ఎండ కాస్తే, ఆ ఎండను గ్లోత్రా అంటారు. వెళ్ళొస్తానని లేచి, తలుపు గడియ మీద చెయ్యేసి, ఇంకో అరగంట మాట్లాడే చుట్టం ఉంటారే, ఆ నిలబడడం దీరహంగ్. పక్కవాళ్ళు అల్లుతుంటే మాట్లాడుతూనే మనసులో వాళ్ళ కుట్లు లెక్కపెట్టే ఆడమనిషికి ఒక మాట ఉంది. ఆ మాట తమ పెళ్ళయిన ఏడాదే పుట్టి ఉంటుందనీ, అది తన తల్లి గురించేననీ హానుస్ అన్నారు. ఎల్స్పా సగం మొహంతో నవ్వింది. తల్లి పోయిన గొర్రెపిల్ల కనిపించిన ప్రతి గొర్రె వెనకా పోతుంటే ఆ నడకకు ఒక మాట. మొత్తం ముప్పై ఒకటి రాసుకున్నాను.

సోమవారం ఆ కాగితం సీగర్ట్ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. అతను రెండుసార్లు చదివాడు. దీరహంగ్ దగ్గర నవ్వాడు, వాళ్ళ పెద్దమ్మకు సరిగ్గా సరిపోతుందన్నాడు. తర్వాత కాగితం నాకే తిరిగిచ్చాడు.

"బావున్నాయి. కానీ రాన్వా, జాలి ఆధారం కాదు కదా. ఇవాళ ఈవిడకి, రేపు ఇంకొకరికి. అచ్చులో ఎక్కడున్నాయో చూపించు."

అప్పుడతని మీద మండిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే అతను అన్నది సబబే. హెడ్మాస్టరు ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నది అతను, నేను కాదు.

హానుస్‌కు ఫోన్ చేసి, పత్రికలో శనివారం పాఠకుల పుట ఉంటుంది, ఎల్స్పా గారే ఏమైనా రాస్తే ఒక చోటైనా అచ్చవుతుంది అన్నాను. రెండో చోటు సంగతి నాకే తెలియదు. ఎవరైనా చదివి, మా ఊళ్ళోనూ అనేవాళ్ళం అని రాయకపోతారా అనుకున్నాను.

ఎల్స్పాకు ఆ ఉత్తరం రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక్కదాన్నీ చెరపలేదని హానుస్ ఫోన్లో చెప్పారు. ఆ చెప్పడంలో ఏదో సందేహం కూడా వినిపించింది, కానీ నేను పట్టించుకోలేదు. మే మొదటి శనివారం అది అచ్చయింది. తొమ్మిది వాక్యాలు. గ్లోత్రాతో పాటు ఇంకో ఆరు మాటలు అక్కడక్కడ దొర్లించింది. చదువుతూ నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఈ మాటలన్నీ సోల్‌హెయ్ వాళ్ళవి. మా నీపువీక్ వాళ్ళం వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నాం' అని ఉంది.

వెంటనే సాందుర్‌కు ఫోన్ చేశాను. "మాటలు నీపువీక్‌వని కదా మీరు చెప్పారు?"

"నీపువీక్‌వే," అన్నారు హానుస్. "పొరపాటు రాశావే అని నేనూ అన్నాను. 'పంపు' అని కొట్టి చూపించింది. నేనిప్పుడు దేనికీ కాదనట్లేదు కదా."

జబ్బు వల్ల తికమక పడిందేమో అని ఇద్దరం మనసులో అనుకున్నాం. ఇద్దరం పైకి అనలేదు.

వారం గడిచింది. ఒక ముసలావిడ ఆ కుట్లు లెక్కపెట్టే మాట బాగుందని రాసింది గానీ, మాటను మాత్రం రాయలేదు. ఇంక వదిలేద్దామనుకుంటున్నాను.

రెండో శనివారం పాఠకుల పుటలో సగం ఒకే ఉత్తరం ఆక్రమించింది. కింద సంతకం సామల్, నీపువీక్. ఎల్స్పా తమ్ముడు. ఆ ఊళ్ళో మిగిలిన ఆరిళ్ళలో ఒకదాంట్లో ఉండే డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. ఆ ఉత్తరం నాకిప్పటికీ చాలావరకు నోటికొచ్చు.

'మా అక్కకు ఒంట్లో బాగాలేదని నాకు తెలుసు. అయితే ఒంట్లో బాగాలేకపోవడం వేరు, పుట్టిన ఊరి సొత్తును పొరుగూరికి రాసివ్వడం వేరు. గ్లోత్రా అనే మాటతో సోల్‌హెయ్ వాళ్ళకేం పని? ఎండ పడేది వాళ్ళ నెత్తి మీదనే కదా. వానలో నిలబడి దాన్ని చూసి ఏడ్చినవాళ్ళకు కావాలి గానీ, ఎండలో చలి కాచుకునేవాడికి దానికో పేరెందుకు? మా అమ్మ రోజుకు పదిసార్లు ఆ మాట అనేది. ఇక దీరహంగ్ అంటారా...' అంటూ ఎల్స్పా దొర్లించిన ఏడు మాటల్లో ఒక్కటీ వదలకుండా, ప్రతిదీ ఎవరు, ఎప్పుడు, ఏ గడపలో నిలబడి అన్నారో సాక్ష్యాలతో సహా రాశాడు. అవి చాలవన్నట్టు, అక్కకు గుర్తుండి ఉండవని ఇంకో రెండు మాటలు తన దగ్గర నుంచి చేర్చాడు. ఆ రెండూ నా ముప్పై ఒకటిలో ఉన్నాయి. వాటిలో ఒకటి చర్చివాళ్ళు పాతికేళ్ళ కిందట వేసిన ఒక చిన్న పుస్తకంలో తర్వాత దొరికింది కూడా.

పత్రిక పట్టుకుని సీగర్ట్ ఇంటికి పోయాను. అతను గుమ్మంలోనే నిలబడి గట్టిగా చదివాడు. మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి.

"ఇతను ఆవిడ తమ్ముడా?" అన్నాడు చివర్లో. "ఒకే తల్లి పిల్లలు. వేర్వేరు మనుషులని ఎలా అనుకోవాలి?"

"పుట్టి బుద్ధెరిగాక ఒక్క విషయంలోనూ ఒప్పుకోలేదట," అన్నాను.

అతను ఇంకోసారి ఉత్తరం వైపు చూశాడు. నియమంలో రెండో మనిషి మెచ్చుకుంటూ రాయాలని ఎక్కడా లేదన్నాడు. తిడుతూ రాసినా అచ్చు అచ్చేనన్నాడు. ఎక్కించమన్నాడు.

సాందుర్‌కు ఫోన్ చేసేసరికి హానుస్ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో పోల్చుకోలేకపోయాను. సామల్ ఉత్తరం చదివి వినిపించాక, ఎల్స్పా కంప్యూటర్ దగ్గరకు పోయి ఒక వాక్యం కొట్టిందట. 'వాడు నేను చెప్పింది ఒప్పుకోడు, అందుకని తప్పు చెప్పాను.' బుర్ర చెడిపోయిందని తను దిగులు పడిన మనిషి, మంచంలో పడుకుని ఈ ఎత్తంతా వేసిందన్నారు.

ఆ తర్వాత ఆయన ఇంకో సంగతి చెప్పారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి సామల్ ఒక్కసారి కూడా అక్కను చూడడానికి రాలేదు. రోడ్డు దూరమని, గొర్రెలున్నాయని, దగ్గని, ఏదో ఒకటి చెప్పేవాడు. ఎల్స్పా అడగలేదు. ఆవిడకు అడగడానికి నోరు లేదు, వేళ్ళు కూడా ఆ పేరు కొట్టలేదు. తమ్ముడి మీద ఆవిడ మొదటిసారి రాసిన వాక్యం ఇదేనట.

జూన్‌లో కొత్త జాబితా ఉన్న డిస్కు పట్టుకుని మళ్ళీ సాందుర్ వెళ్ళాను. అందరికంటే ముందు వాళ్ళ కంప్యూటర్లోనే ఎక్కించాలని నా కోరిక. ఎక్కిస్తుండగానే బయట కారు ఆగింది. తలుపు తట్టకుండా పొట్టి మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. ఉన్ని టోపీ తీయలేదు, ఎవరినీ పలకరించలేదు. చేతిలో మడతలు పడ్డ పత్రిక ముక్క.

"అక్కా," అన్నాడు. "సోల్‌హెయ్ వాళ్ళు నాకు పూలు పంపించారు. నువ్వు వాళ్ళకి రాసిచ్చిన మాటలకి నీకు థాంక్స్ చెప్పమన్నారట. తెలుసా నీకు?"

ఎల్స్పా తిరిగి అతని వైపు చూసింది. అప్పుడు గానీ అతను ఆవిడ మొహం సరిగ్గా చూడలేదనుకుంటాను. జారిన ఆ పక్కను, ఒళ్ళో పడున్న కుడి చేతిని చూసి, తర్వాత అనాల్సిన మాట మింగేశాడు. పత్రిక ముక్కను ఇంకా చిన్నగా మడవడం మొదలుపెట్టాడు.

ఆవిడ మీటల మీదకు వంగింది. ముగ్గురం వెనక నిలబడ్డాం. గ్లోత్రా, అక్షరం తర్వాత అక్షరం. చివరి అక్షరం పడ్డాక ఖాళీ మీట నొక్కి, ఎప్పటిలాగే గీత కోసం చూసింది. రాలేదు. ఇంకాసేపు చూసింది.

"తప్పు," అన్నాడు సామల్.

హానుస్ అతని భుజం పట్టుకున్నారు.

"ఊరుకో బావా, తప్పుని తప్పనద్దా? ఆ 'గ్లో'కి దీర్ఘం లేదు. పత్రికవాళ్ళు నా ఉత్తరంలోనూ అక్క రాతే వేశారు గానీ, అమ్మ గ్లొత్రా అనేది. గ్లొ. పొట్టిగా."

ఎల్స్పా కుర్చీలో నిటారుగా అయింది. మెడ నరాలు బిగిశాయి. గొంతులో నుంచి ఏదో గరగరమంది. మేము ఆవిడకు ఊపిరాడడం లేదేమో అనుకున్నాం.

"కాదు," అంది.

స్పష్టంగా అంది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి తిన్నని మాట అది. మళ్ళీ, "కాదు. కాదు," అని తమ్ముడి వైపు వేలు చూపించింది.

సామల్ టోపీ తీసేశాడు. బయట గాలి ఎలా ఉందో చూసొస్తానని వెళ్ళి, చాలాసేపు రాలేదు. హానుస్ కాఫీ పెట్టడానికి పోయి నీళ్ళు పోయకుండానే పొయ్యి వెలిగించారు. నేను డిస్కు దాని పెట్టెలో పెట్టుకుంటూ, తలెత్తకుండా కూర్చున్నాను.

సామల్ ఆ వారమంతా అక్కడే ఉన్నాడు. తర్వాత నెలకొకసారి వచ్చాడు. ఎల్స్పాకు మాట పూర్తిగా ఎప్పుడూ రాలేదు. పాతిక ముప్పై మాటలు వచ్చాయి, ఎక్కువ భాగం తమ్ముడితో పోట్లాడడానికి పనికొచ్చేవి. నర్సు ఈ చికిత్స పుస్తకాల్లో లేదంది. ఆవిడ ఇంకో ఆరేళ్ళు బతికింది.

ముప్పై ఒకటిలో ఎనిమిదే చేరాయి. తక్కినవాటికి ఆధారం నాకింకా దొరకలేదు. ఆ సంగతి ఎల్స్పాకు నేనే చెప్పాను, దాచలేదు. తర్వాత ఆవిడ నాకు రాసిన ఉత్తరాలు కంప్యూటర్లోనే వచ్చేవి. తెరిస్తే వాక్యానికి రెండు చొప్పున ఎర్ర గీతలు కనిపించేవి. ఒక్కదాన్నీ చెరిపేది కాదు. అన్నీ అలాగే ఉంచి, ముగింపులో కొత్తగా ఏమైనా విన్నావా అని అడిగేది.